పెద్దవాళ్ళంటే అమ్మానాన్నలే!

పెళ్ళి సంబంధం గురించి ఎవరైనా కదిపితే అబ్బాయైనా అమ్మాయైనా ముందుగా అనే మాట ఒకటుంది. ‘మా పెద్దవాళ్ళతో మాట్లాడండి’ అని. అవతలివాళ్ళు ‘పెద్దవాళ్ళంటే ఎవరు, మీ ఊరి సర్పంచి గారా?’ అని అడగరు. అమ్మానాన్నల గురించేనని అర్థమైపోతుంది. ప్రేమపెళ్ళికి ‘పెద్దలు ఒప్పుకున్నారు’ అన్నా అంతే.

సరిగ్గా ఇదే ఆలోచన ఇక్కడికి ఏడెనిమిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక భాషకూ వచ్చింది. అది డచ్చి భాష. మనం మర్యాదకో మొహమాటానికో వాడే మాటను వాళ్ళు అసలు మాటగానే పెట్టుకున్నారు. తల్లిని గానీ తండ్రిని గానీ వాళ్ళు ‘ఔదర్’ అంటారు. ఇద్దరూ కలిస్తే ‘ఔదర్స్’. ఆ మాటకు మక్కీకి మక్కీ అర్థం ‘ఇంకా పెద్దవాడు’, ‘ఇంకా పెద్దది’ అని!

డచ్చివాళ్ళు మనకు మరీ పరాయివాళ్ళేం కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే బందరులో వర్తకానికి దిగారు. అక్కడి వలందపాలెం పేరులో ఉన్నది ఈ హాలండు వాళ్ళే. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి పాత చుట్టాల ఇంట్లో అమ్మానాన్నలను ఏమని చెప్పుకుంటారో ఈ వారం చూద్దాం.

‘ల’ కరిగి ‘ఔ’ అయింది

ఇంగ్లీషులో ‘ఓల్డ్’ అంటే ముసలి, పాత. దీనికి డచ్చిలో తోబుట్టువు లాంటి మాట ‘ఔద్’. రాసేటప్పుడు చివర ‘ద’ ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం ‘ఔత్’ అంటారు. ఓల్డ్ ఎక్కడ, ఔత్ ఎక్కడ అంటారా? మధ్యలో ‘ల’ ఏమైపోయిందో తెలిస్తే చుట్టరికం తేలిపోతుంది.

డచ్చి భాషలో కొన్ని వందల ఏళ్ళ కిందట ఓ మార్పు వచ్చింది. ‘ద’, ‘త’ల ముందు ‘అల్’, ‘ఓల్’ అనే చోట ‘ల’ మెత్తబడి, కరిగి, ‘ఔ’ అయిపోయింది. అందుకే ఇంగ్లీషు ‘గోల్డ్’ వాళ్ళ నోట ‘ఖౌత్’. ‘కోల్డ్’ ఏమో ‘కౌత్’. ‘సాల్ట్’ ‘జౌత్’ అయింది. ఇన్నింటిలోనూ ‘ల’ కారం కరిగిపోయింది. ఓల్డ్ కూడా అదే దారిలో ఔత్ అయింది.

ఇక ‘ఓల్డ్’కు ‘ఓల్డర్’ ఎలాగో ‘ఔత్’కు ‘ఔదర్’ అలాగ. ఇంగ్లీషులో దీనికి ఇంకో రూపం ‘ఎల్డర్’. అంటే మనం పెద్దన్నయ్యను ‘ఎల్డర్ బ్రదర్’ అన్నప్పుడు వాడే మాటా, డచ్చి పిల్లవాడు బడిలో ఇచ్చిన కాగితం మీద అమ్మ సంతకం పెట్టే చోట అచ్చేసి ఉండే మాటా ఒక్క గూటివే.

ఇంగ్లీషువాళ్ళు కూడా ఒకప్పుడు ఇదే దారిలో నడిచారు. పాత ఇంగ్లీషులో అమ్మానాన్నలకూ, తాతముత్తాతలకూ ‘ఎల్డర్స్’కు పూర్వరూపమైన మాటే వాడేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చిపడ్డాయి. ఆ వరదలో వచ్చిందే ‘పేరెంట్’. పాత మాట అన్నలకూ అక్కలకూ ఊరిపెద్దలకూ పరిమితమైపోయింది. డచ్చి, జర్మన్, స్వీడిష్ భాషలు మాత్రం పాత మాటను వదల్లేదు. జర్మన్ల ‘ఎల్టర్న్’, స్వీడన్ వాళ్ళ ‘ఫోరెల్దర్’ ఈ కుటుంబంలోవే.

రెండు దారులు

లోకంలో అమ్మానాన్నలకు పేరు పెట్టడానికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ‘కనడం’ నుంచి వచ్చే దారి. లాటిన్‌లో ‘పరేరె’ అంటే కనడం. పేరెంట్ అక్కడి నుంచే పుట్టింది. తమిళుల ‘పెట్రోర్’ అన్నా కన్నవారనే. మన ‘కన్నవారు’ సంగతి చెప్పనే అక్కర్లేదు. సంస్కృతంలోని జననీజనకులూ ఈ దారినే వచ్చారు. రెండోది ‘పెద్దరికం’ నుంచి వచ్చే దారి. డచ్చి ఔదర్ ఆ దారిలోది. మన పెద్దవాళ్ళూ ఆ దారిలోనివాళ్ళే.

మొదటి దారిలో చూస్తే తల్లీతండ్రీ అంటే ఒకరోజు జరిగిన సంఘటన. పురుడు పోసుకున్న గడియ. రెండో దారిలో సంఘటన ఏదీ లేదు. అక్కడున్నది వయసూ, పక్కనే ఉండటమూ.

ఇంతకీ ఈ ‘ఓల్డ్’కు మొదటి అర్థం ముసలి కాదు. ఇండో యూరోపియన్ భాషలన్నింటికీ మూలమని పండితులు ఊహించే ప్రాచీన భాషలో ‘అల్’ అనే ధాతువు ఉంది. పెరగడం, పెంచడం, తిండి పెట్టి పోషించడం అని దాని అర్థాలు. ఓల్డ్ అంటే ‘పెరిగిన’ అని. లాటిన్ ‘అలెరె’ అంటే పోషించడం. కాలేజీ పూర్వవిద్యార్థులు ఏడాదికోసారి కలుసుకుని ‘అలుమ్నై మీట్’ అంటారు చూడండి, అందులోని ‘అలుమ్నస్’ అంటే తిండి పెట్టి పెంచిన బిడ్డ. ‘అడల్ట్’ అంటే పెరిగి పూర్తయినవాడు. విడాకుల కేసుల్లో వినిపించే ‘ఆలిమనీ’ అంటే పోషణ ఖర్చు. డచ్చి కోర్టుల్లో పిల్లల పోషణకు కట్టమనే సొమ్ముకూ దాదాపు అదే పేరు, ‘ఆలిమెంతాత్సీ’. ఔదర్, ఆలిమెంతాత్సీ... ఈ రెండు మాటలూ దూరపు చుట్టాలన్నమాట. అమ్మానాన్నలంటే ఎవరో, ఏంచేయాలో రెండూ ఒకే ధాతువులో ఉన్నాయి.

ఇప్పుడు మన మాట చూడండి. ‘పెద్ద’ అన్నది ఎక్కడిది? బరో, ఎమెనోలు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు దీన్ని పెరుగు, పెంచు, పెంపు, తమిళ ‘పెరియ’ అనే మాటల గుంపులో చేర్చింది. అంటే పెద్ద కూడా పెరగడం నుంచి వచ్చిందే! పెంపకమూ పెద్దరికమూ ఒక తల్లి బిడ్డలు. డచ్చికీ తెలుగుకీ రక్తసంబంధం ఏమాత్రం లేదు. భాషాకుటుంబాలే వేరు. ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టే అవకాశమూ లేదు. అయినా రెండూ ఒక్క ఆలోచన దగ్గర కలుసుకున్నాయి. ఎదిగినవాళ్ళు ఎదగాల్సినవాళ్ళను ఎదిగించడం... అదే పెద్దరికం.

ఎవరికంటే పెద్ద?

ఔదర్‌లో ఇంకో తమాషా ఉంది. అది ‘పెద్ద’ కాదు, ‘ఇంకా పెద్ద’. అలా అన్నప్పుడు వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. ఎవరికంటే? జవాబు మాటలో లేదు గానీ ఇంట్లో ఉంటుంది, ఉయ్యాలలో. ఇరవై ఏళ్ళ అమ్మాయిని ముసలిది అంటే ఊరుకుంటుందా? కానీ చేతిలో పసిగుడ్డు ఉంటే ఆమె ‘ఇంకా పెద్దది’. పోలిక కోసం రెండోవాళ్ళు కావాలి. పిల్లలు లేకుండా ఔదర్ లేనే లేదు. అమ్మతనం, నాన్నతనం మనకై మనం సంపాదించుకునే హోదాలు కావనీ, పిల్లలు వచ్చి ఇచ్చేవనీ ఈ చిన్న ‘అర్’ ప్రత్యయం చెబుతోంది.

పోలికనే పదవి చేసుకోవడం డచ్చివాళ్ళకే పరిమితం కాదు. లాటిన్ ‘సీనియర్’ అన్నా ఇంకా పెద్దవాడనే. అది ఫ్రెంచిలో అరిగి అరిగి ‘సైర్’ అయింది, ఇంగ్లీషుకు వచ్చి ‘సర్’ అయింది. మనం ఆఫీసుల్లో రోజుకు వందసార్లు అనే ‘సార్’కు అసలు అర్థం ‘నాకంటే పెద్దాయన’ అని. కిందటేడే ఉద్యోగంలో చేరిన కుర్ర ఆఫీసరును పట్టుకుని పదవీ విరమణకు దగ్గరపడ్డ గుమాస్తా అలా పిలుస్తాడనుకోండి, అది వేరే సంగతి. చర్చిల్లో ‘సంఘ పెద్ద’ ఉంటారు కదా. డచ్చి సంస్కరణ సంఘాల్లోనూ ఉంటారు. ఆయన పేరు ‘ఔదర్లింగ్’. మాట మన మాటకు అచ్చంగా అద్దం పట్టినట్టు ఉంటుంది.

పోయినవాళ్ళ దగ్గరా అదే పోలిక. డచ్చిలో పూర్వీకులను ‘ఫోర్‌ఔదర్స్’ అంటారు, ముందటి పెద్దలని. మన దగ్గర సంక్రాంతికి ‘పెద్దలకు బట్టలు పెట్టాలి’ అంటే ఆ పెద్దలు ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్నంతకాలం పెద్దవాళ్ళు, పటంలోకి వెళ్ళాక పెద్దలు.

కన్నా, కనకపోయినా

పేరులో కనడం లేదు కాబట్టి ఔదర్‌కు ముందు ఏ మాట తగిలించినా ఎబ్బెట్టుగా ఉండదు. ‘ప్లేఖ్‌ఔదర్’ అంటే సాకే పెద్ద. ఎవరి బిడ్డనో కొన్నాళ్ళు తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవారు. ఇందులోని ‘ప్లేఖ్’ సేవ, సంరక్షణ అనే అర్థమిచ్చే మాట. నర్సు పనికి వాడే మాటలోనూ అదే ఉంది. దత్తత తీసుకున్నవారు ‘అదోప్సీ ఔదర్’.

‘స్తీఫ్‌ఔదర్’ అంటే మారుతల్లి లేదా మారుతండ్రి. ఇంగ్లీషులో ‘స్టెప్ మదర్’. ఈ స్టెప్‌కు మెట్టుతో గానీ అడుగుతో గానీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ‘స్టెఓప్’ అంటే అయినవాళ్ళను పోగొట్టుకున్న అని. మొదట ఆ మాట తగిలింది పిల్లలకే. స్టెప్ చైల్డ్ అంటే అమ్మో నాన్నో పోయిన అనాథబిడ్డ. ఆ బిడ్డకు తల్లిగా వచ్చిన మనిషి కాబట్టి స్టెప్ మదర్. బిడ్డ దుఃఖమే ఆవిడ పేరైంది. మన ‘సవతితల్లి’లో బిడ్డ ఊసే లేదు, భార్యల మధ్య పోరే ఉంది. ‘మారుతల్లి’ కాస్త నయం. ఉన్న లోటును పూడ్చడానికి వచ్చిందనైనా చెబుతుంది.

అత్తమామలను డచ్చివాళ్ళు ‘స్ఖోన్‌ఔదర్స్’ అంటారు. అంటే అందమైన పెద్దలట! ఫ్రెంచివాళ్ళ మర్యాదను చూసి తెచ్చుకున్న అలవాటు. అక్కడి కోడళ్ళు మనస్ఫూర్తిగానే అంటారా అన్నది మనకెందుకు గానీ, మాటలోనైనా అత్తగారికి అందం ఇచ్చారు కదా!

మాట ఇంత విశాలంగా ఉన్నా చట్టం అంత తొందరగా విశాలం కాలేదు. బిడ్డను కన్న స్త్రీయే తల్లి అని డచ్చి చట్టం చాలాకాలం గట్టిగా పట్టుకుంది. స్త్రీలిద్దరు దంపతులైతే కన్న ఆమె ఒక్కతే తల్లి. రెండో ఆమె దత్తత తీసుకుని తల్లి అనిపించుకోవాల్సి వచ్చేది. 2014 ఏప్రిల్ 1 నుంచి ఆ అవసరం లేకుండా ఆమెకూ తల్లి హోదా దక్కే వీలు కలిగింది. 2016లో ప్రభుత్వం వేసిన కమిషన్ ఒకటి ఇంకో అడుగు ముందుకేసి, ఒక బిడ్డకు చట్టరీత్యా నలుగురు దాకా ఔదర్స్ ఉండవచ్చని సిఫారసు చేసింది. ప్రభుత్వం అంతదూరం వెళ్ళలేదు. ఇద్దరి దగ్గరే ఆగింది. పెంచే చేతులు ఎన్ని ఉండొచ్చో మాట ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కంతా చట్టానిదే.

ఒక్కరే ఉంటే?

తెలుగులో ‘తల్లిదండ్రులు’ ఉన్నారు. ‘అమ్మానాన్నలు’ ఉన్నారు. వాళ్ళలో ఒక్కరిని, అమ్మా నాన్నా అని తేల్చకుండా, ఏమంటారు? మాట దొరకదు. ‘తల్లిదండ్రుల్లో ఒకరు’ అని తిప్పి చెప్పాలి. దరఖాస్తు ఫారం మీదైతే ‘తండ్రి / తల్లి / సంరక్షకుడు’ అని గీతలు కొట్టి రాయాలి. అందుకే ‘సింగిల్ పేరెంట్’ను మనం ఉన్నదున్నట్టు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నాం. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిట్లో జరిగిన సమావేశాల పేరు కూడా ‘మెగా పేరెంట్ టీచర్ మీటింగే’.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. జర్మన్ ఎల్టర్న్ కూడా బహువచనమే. ఒక్కరిని చెప్పాలంటే వాళ్ళు ‘ఎల్టర్న్‌టైల్’ అంటారు. తల్లిదండ్రుల్లో ఒక భాగం అని. పాపం, ఒంటరిగా బిడ్డను సాకే తల్లి అక్కడ మాటలో కూడా సగమే! డచ్చిలోనూ మొదట బహువచనానిదే రాజ్యం. తర్వాత ఔదర్ అనే ఏకవచనం తన కాళ్ళ మీద తాను నిలబడింది. ‘ఏన్‌ఔదర్‌ఖెజిన్’ అంటే ఏక ఔదర్ కుటుంబం. అందులో వెలితీ లేదు, జాలీ లేదు. ఇంట్లో పెద్ద ఒకరు, అంతే.

మాట లేకపోతే ఏమవుతుంది అంటారా? ఫారంలో గడి ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీని చూసి గుమాస్తా తలెత్తి ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న ఎంతమంది తల్లులను ఎన్ని కౌంటర్ల దగ్గర తల దించుకునేలా చేసిందో! 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో పెళ్ళికాని తల్లి బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు బయటపెట్టనక్కర్లేదని చెప్పింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారి, తల్లి పేరో తండ్రి పేరో సంరక్షకుల పేరో ఒక్కటి ఇస్తే చాలన్నారు. మన భాషలో ఇంకా పుట్టని ఏకవచనం మన నిబంధనల్లో అలా ముందే పుట్టింది.

ఒక్క ప్రత్యయం తేడా

డచ్చి పిల్లలు ఇంట్లో అమ్మను ఔదర్ అని పిలవరు. మనం ‘ఓ మాతృమూర్తీ’ అని పిలవనట్టే. ‘మామా’, ‘పాపా’ అంటారు. ఔదర్ బడిదీ, కోర్టుదీ, ఆఫీసుదీ. టీచర్లు అమ్మానాన్నలను పిలిచే సాయంకాలపు సమావేశం ‘ఔదర్‌ఆవొంత్’. పిల్లల కోసం తీసుకునే సెలవుకూ ఇదే మాట, విడిపోయే దంపతులు పిల్లల విషయంలో రాసుకోవాల్సిన ఒప్పందానికీ ఇదే మాట. 2009 నుంచి అక్కడ ఆ ఒప్పందం తప్పనిసరి. భార్యాభర్తలుగా విడిపోవచ్చు గానీ ఔదర్స్‌గా విడిపోవడానికి లేదన్నది అందులోని సారం.

ఏళ్ళు గడుస్తాయి. బడి సమావేశాలు అయిపోతాయి. అప్పుడు మాటలో దాక్కున్న రెండో అర్థం మెల్లగా బయటకొస్తుంది. డచ్చిలో ‘ఔదర్స్’ అంటే అమ్మానాన్నలు. ‘ఔదరన్’ అంటే వయోవృద్ధులు. చివరి ప్రత్యయం ఒక్కటే తేడా. ‘మెయ్న్ ఔదర్స్ వోర్దన్ ఔదర్’ అని ఒక వాక్యం చెబితే ‘మా అమ్మానాన్నలు పెద్దవాళ్ళవుతున్నారు’ అని అర్థం. చూడండి, తెలుగులోనూ ‘పెద్దవాళ్ళవుతున్నారు’ అంటే ముసలివాళ్ళవుతున్నారనే కదా! ఒకప్పుడు మనల్ని పెంచినందుకు పెద్దవాళ్ళు, ఇప్పుడు మనం పట్టుకుని నడిపించాల్సిన పెద్దవాళ్ళు.

ఆ వయసుకు అక్కడ ఒక భరోసా ఉంది. యుద్ధం ముగిశాక 1947లో సాంఘిక వ్యవహారాల మంత్రి విల్లెం డ్రేస్ వృద్ధులకు తాత్కాలిక పింఛను చట్టం తెచ్చారు. 1957 నుంచి అది అందరికీ శాశ్వత పింఛను అయింది. ఆ చట్టం పేరులోనూ ‘ఔదర్దొమ్’ అని వృద్ధాప్యం ఉంది. మొదట 65 ఏళ్ళకు ఇచ్చేవారు, ఇప్పుడు 67కు. డబ్బు ఉన్నా చెయ్యి పట్టుకునే మనిషి కావాలి కదా. అయినవాళ్ళు జీతం లేకుండా చేసే ఆ సేవకు 1970లలో హాటింగా ఫెర్‌ష్యూర్ అనే ప్రొఫెసర్ ‘మాంతెల్‌జోర్ఖ్’ అని పేరు పెట్టారు. మాంతెల్ అంటే ఒంటి మీద కప్పుకునే దుప్పటి లాంటి పైవస్త్రం. చలిలో భుజాల మీద శాలువా కప్పినట్టు చూసుకోవడం అన్నమాట.

మన దగ్గర 2007లో వచ్చిన చట్టం పేరు ‘తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం’. పిల్లలు చూడకపోతే సబ్ డివిజనల్ స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు వెళ్ళి పోషణ కోరవచ్చు. ఆ చట్టం తల్లీతండ్రీ అంటే ఎవరో కూడా చెప్పింది. కన్నవారైనా, దత్తత తీసుకున్నవారైనా, మారుతల్లీ మారుతండ్రీ అయినా తల్లిదండ్రులే. డచ్చివాళ్ళు ఒక్క మాటలో కలిపిన ఔదర్స్‌నూ ఔదరన్‌నూ మనవాళ్ళు ఒక్క చట్టం పేరులో పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆ పక్కనే ‘పోషణ’ను కూడా. ‘అల్’ ధాతువుకు మొట్టమొదటి అర్థం అదే మరి.

పెంచడంతో మొదలైన మాట పోషణ దగ్గరకే వచ్చి చేరింది. మొదట్లో పెట్టే చెయ్యి వాళ్ళది, చివర్లో మనది. ఈసారి ఎక్కడైనా ‘మా పెద్దవాళ్ళు’ అన్నప్పుడు అందులో రెండు అర్థాలున్నాయని గుర్తుంటే చాలు. మొదటి అర్థం వాళ్ళు నిలబెట్టేశారు. రెండోది నిలబెట్టాల్సిన వంతు మాత్రం మనదే.